మెట్ల మలుపులో ఐరిష్ అడుగులు

మా పిన్ని నడుస్తుంటే చేతులు ఊగేవి కావు. భుజాల నుంచి వేలికొసల దాకా రెండు చేతులూ ఒంటికి అతికించినట్టు ఉండేవి. బర్మా రాజధానిలో, చౌక్తడా పేటలో ఆమె టైపిస్టుగా పనిచేసే ఆఫీసు నుంచి సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే, వీధి మొదట్లో టీ దుకాణం పొట్టి స్టూళ్ల మీద కూర్చున్నవాళ్లు బర్మీస్‌లో "అదిగో, పరేడ్ వస్తోంది" అని నవ్వుకునేవారు. ఆమెకు వినపడేది. పట్టించుకునేది కాదు. ఆదివారం మా తెలుగు చర్చిలో అందరూ చప్పట్లు కొట్టి పాడుతున్నా ఆమె చేతులు కిందికే ఉండేవి. మా అమ్మకు ఆమె ఒక్కతే చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మాట తక్కువ. ముప్పై దాటిన ఆ మనిషిని, ఇంట్లో మిగతా అందరిలాగే నేనూ, కాస్త బిగుసుకుపోయిన మనిషి అనుకునేదాన్ని.

అది ఎంత పొరపాటో ఎనభై ఎనిమిది వానాకాలంలో తెలిసింది.

అప్పుడు నేను యూనివర్సిటీలో రెండో సంవత్సరం. మా ఇల్లు నదికి అవతల ట్వంటే ఊళ్లో. నాన్న అక్కడ బియ్యం మిల్లులో మేస్త్రీ. చదువు కోసం నేను పిన్ని దగ్గర ఉండేదాన్ని. ఆ ఏడు విద్యార్థుల గొడవలు మొదలై యూనివర్సిటీ మూసేశారు. ఇవాళో రేపో తెరుస్తారులే అని ఇంటికి వెళ్లకుండా ఉండిపోయాను. ఆగస్టు వచ్చేసరికి ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ఆఫీసులు మూతపడ్డాయి. రేవు మూతపడింది. ట్వంటే వెళ్లే పడవలూ ఆగిపోయాయి. నదికి అవతల అమ్మా నాన్నా, ఇవతల నేనూ పిన్నీ.

పిన్ని ఇల్లు పాత తెల్లవాళ్ల కాలపు మేడలో మూడో అంతస్తు. రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుకుగా ఉండే ఇల్లు. ముందు వీధి వైపు బాల్కనీ, వెనక వంటగది, మధ్యలో టేకు చెక్క పరిచిన ఒకే గది. బాల్కనీ నుంచి కిందికి ఒక తాడు వేలాడుతుంటుంది, దాని కొసన క్లిప్పు. కూరగాయల మనిషి ఆ క్లిప్పుకు సంచి తగిలించి తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఆ రోజుల్లో మాకు బయటి లోకంతో ఉన్న సంబంధం దాదాపు అదొక్కటే. "గుంటని గడప దాటనివ్వను" అని పడవలు ఆగకముందే పిన్ని నా గురించి మా అమ్మకు మాట ఇచ్చింది. ఊరేగింపులు మా వీధి చివర నుంచి వెళుతుంటే నేను బాల్కనీ ఊచలు పట్టుకుని చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం అన్నం తిని నేను వెనక వంటగదిలో గిన్నెలు తోముతున్నాను. వాన అప్పుడే వెలిసింది. ముందు గదిలోంచి ఏదో చప్పుడు. మొదట ఎవరో తలుపు కొడుతున్నారనుకున్నాను. ఆగి విన్నాను. తలుపు కాదు. ఎవరో నేలను కొడుతున్నారు, కానీ కోపంగా కాదు. ఒక వరుసలో, ఒక లెక్కలో, ఆగి, తిరిగి అందుకుని. దానితోపాటు ముక్కుతో కూనిరాగం. మాటలేమీ లేవు, "డిడిల్ డిడిల్ డై" లాంటిదేదో.

చెయ్యి తడి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

గది మధ్యలో పిన్ని. బర్మా ఆడవాళ్లలా కట్టుకునే లుంగీని పిక్కల పైకి ఎగ్గట్టి దోపుకుంది. ఉత్త కాళ్లు. వీపు నిటారుగా, గడ్డం కాస్త ఎత్తి, చేతులు ఎప్పటిలాగే ఒంటికి అంటుకుని, కళ్లు ఎదుటి గోడ మీద. నడుము పైన చూస్తే ఆమె ఆఫీసులో పెద్దసారు ముందు నిలబడినట్టే ఉంది. నడుము కింద వేరే మనిషి. ఒక పాదం రెండోదాన్ని దాటి ముందుకొస్తోంది, మునివేళ్లతో తట్టి వెనక్కి పోతోంది, మడమ పిర్రను తాకేంత పైకి లేస్తోంది. దిగిన పాదం నేలను పూర్తిగా తాకిందో లేదో, రెండోది గాలిలోకి వెళ్లిపోతోంది. కుడికాలుతో ఒక వరుస పూర్తి చేసి, అదే వరుసను ఎడమకాలుతో మళ్లీ చేసింది. ఆ ఎడమకాలికి కూడా అంతా కంఠతా వచ్చు.

పుట్టినప్పటి నుంచీ నాకు తెలిసిన మనిషి. ఆమె అన్నం కలుపుకునే తీరు, గొడుగు మడిచే తీరు, అన్నీ తెలుసు. ఈ కాళ్లు ఇన్నాళ్లూ ఆ లుంగీ లోపలే ఉన్నాయా?

ఆమె తిరిగి నన్ను చూసింది. చప్పున లుంగీ కిందికి లాగేసుకుంది.

"సూసీసినావా?"

"అదేటి పిన్నీ?"

"ఏటీ నేదు. గిన్నెలు తోమడం అయిపోనాదా?"

"పిన్నీ, సెప్పు. అదేటి?"

కుర్చీలో కూర్చుని తువ్వాలుతో మొహం తుడుచుకుంది. రొప్పుతోంది. "డేన్సు. ఐరిష్ డేన్సు. మదర్ నేర్పింది" అంది. ఆ తర్వాత మిగతాది కొంచెం కొంచెంగా చెప్పింది.

మా తాత, అంటే పిన్ని నాన్న, ఒక కాన్వెంటులో తోటమాలి. మేము క్యాథలిక్కులం కాక బాప్టిస్టులమైనా, మాలీ పిల్ల కదా అని కన్యస్త్రీలు పిన్నిని ఆ బడిలో చేర్చుకున్నారు. అక్కడ ఐర్లండ్ నుంచి వచ్చిన ఒక ముసలి మదర్ ఉండేదట. ఎర్రటి మొహం, బలమైన పిక్కలు. వాళ్ల దేశపు పండగొస్తే మదర్ తన తెల్లగౌను చీలమండల దాకా ఎత్తిపట్టుకుని, బల్లలు జరిపిన క్లాసుగదిలో ఆడి చూపించేదట. పిల్లలందరికీ నేర్పబోతే అందరూ నవ్వి వదిలేశారు. పిన్ని వదల్లేదు. వాద్యం లేదు. మదరే నోటితో రాగం తీసేది. ఒకటే నియమం: చేతులు కదలకూడదు. కదిలితే స్కేలుతో ముంజేతి మీద తట్టేది. "సేతులు దేవుడికి, కాళ్లు నీకు" అనేదట. పిన్నికి పదకొండో ఏడు వచ్చేసరికి ప్రభుత్వం బడులన్నీ తన చేతుల్లోకి తీసుకుంది. కన్యస్త్రీలు దేశం వదిలి వెళ్లిపోయారు. మదర్ కూడా.

"అప్పటినుంచి ఆడతన్నావా?"

"ఎవురూ నేనప్పుడు. ఇల్లు తుడిసినాక. మరిసిపోతానేమో అని."

ఇరవై ఏళ్లకు పైగా! ఆఫీసుకు వెళ్లి, వచ్చి, గది తుడిచి, తలుపు గడియ వేసి, ఎదురుగా ఎవరూ లేకుండా ఒక పిల్ల తన టీచరు చెప్పినదాన్ని నిలబెట్టుకుంటూ వచ్చింది. చేతులు వీధిలో కూడా అలా ఎందుకు ఉండేవో అప్పుడు అర్థమైంది. "ఇంకోపాలి సెయ్ పిన్నీ" అన్నాను. చేసింది.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం నా ముందే ఆడేది. నేను మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని చూసేదాన్ని. బయట ఊరు ఉడుకుతోంది. మాకు పాలు లేవు, కొన్నిరోజులు చేపలు లేవు, కరెంటు ఇష్టం వచ్చినట్టు పోతోంది. అయినా ఆ గంట కోసం నేను పొద్దుటి నుంచి ఎదురు చూసేదాన్ని.

నన్ను గడప దాటనివ్వనని మాట ఇచ్చిన మనిషి తను మాత్రం దాటింది. ఒకరోజు ఆమె ఆఫీసువాళ్లు బ్యానరు పట్టుకుని కింద నిలబడి పిలిచారు. గుమస్తాలు, టైపిస్టులు, బంట్రోతులు. పిన్ని బాల్కనీలోంచి వంగి చూసింది. లోపలికి వచ్చి ఆఫీసు జాకెట్టు వేసుకుంది, తల దువ్వుకుంది, బుగ్గలకు బర్మా ఆడవాళ్లు పూసుకునే తనకా చెక్క గంధం రాసుకుంది.

"నువ్వు ఎల్తన్నావేటి? మరి నన్నేల ఆపినావు?"

"నువ్వు మీ అమ్మ పిల్లవి. నాను ఎవురి పిల్లనీ కాదు. తలుపు ఏసుకో."

అంతే. మెట్లు దిగి వెళ్లిపోయింది. పైనుంచి చూశాను. అందరూ పిడికిళ్లు ఎత్తి అరుస్తున్నారు. ఆమె ఆ వరుసలో చేతులు కిందికి పెట్టుకునే నడిచింది.

మధ్యాహ్నం దాటాక దూరంగా పేలుళ్లు వినిపించాయి. వీధిలో పరుగులు. ఇళ్ల తలుపులు దఢాలున మూసుకున్న చప్పుడు. నేను గడియ తీసి, గడియ వేసి, గడియ తీసి, అలా ఎన్నిసార్లో. పిన్ని వచ్చేసరికి సాయంత్రం కావొస్తోంది. కాళ్లకు చెప్పుల్లేవు. లుంగీ అంచు చిరిగి బురదకొట్టుకుపోయింది. నన్ను దాటుకుని లోపలికి వెళ్లి, నీళ్ల తొట్టి పక్కన నేల మీద కూర్చుంది. స్నానం నేనే చేయించాను. దెబ్బేమీ లేదు. కానీ చేతులు ఆగడం లేదు. ఒళ్లో పెట్టుకుంటే ఒళ్లోంచి లేస్తున్నాయి. నేను పట్టుకుంటే నా చేతుల్లో కొట్టుకుంటున్నాయి.

ఏం జరిగిందో రెండు మూడు రోజులకు గాని చెప్పలేదు. కాల్పులు మొదలవగానే జనం వెనక్కి తిరిగి పరుగెత్తారు. ఆమె కూడా చేతులు నెత్తిమీద పెట్టుకుని పరుగెత్తింది. ఆమె ముందు ఒక స్కూలు పిల్ల, ఆకుపచ్చ యూనిఫాం లుంగీ, బోర్లా పడింది. పిన్ని వంగి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. సగం లేచింది. అప్పుడు వెనకనుంచి జనం వచ్చి తోశారు.

"సెయ్యి జారిపోనాది అమ్మీ. తడిసెయ్యి. పట్టు నిలవనేదు. తిరిగి సూసినాను. కనిపించనేదు."

"లేచి పరిగెత్తీసుంటాది పిన్నీ."

"ఉంటాది" అంది. "నెగిసిందో, నేదో. నాకు తెల్దు."

ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఊరు కాస్త నెమ్మదించినట్టు అనిపించిన ఒక మధ్యాహ్నం పిన్ని మళ్లీ గది తుడిచింది. లుంగీ ఎగ్గట్టుకుని నిలబడింది. రాగం అందుకుంది. పాదాలు కదిలాయి, ఎప్పటిలాగే చురుగ్గా. కానీ రెండో వరుసలోకి రాగానే చేతులు లేచాయి. తను లేపలేదు, అవే లేచాయి. నెత్తి మీదికి వచ్చాయి. ఆమె ఆగి, చేతులు దించుకుని, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అదే చోట లేచాయి. మూడోసారి కూడా.

"ఇదేటి దరిద్రం!" అంది. మదర్ నేర్పినదాంట్లో జరగకూడని తప్పు ఒక్కటే. అదే జరుగుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మీ, ఆ తువ్వాలు తే. కట్టీ."

"ఏటి కట్టీది?"

"సేతులు. ఒంటికి కట్టీ. గట్టిగా."

కట్టాను. ఎందుకు కట్టానో నాకు తెలియదు. ఆమె గొంతు అలా ఉంది. పొడుగు తువ్వాలును మోచేతుల మీదుగా చుట్టి వెనక ముడి వేశాను. ఆమె ఆడింది. పాదాలు వెళుతున్నాయి, లేస్తున్నాయి. తువ్వాలు లోపల చేతులు గుంజుకుంటున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. గోడకేసి చూసే ఆ మొహం చూడలేకపోయాను. సగంలో నిలబడిపోయి, "విప్పీ" అంది. విప్పాను. ముంజేతుల మీద తువ్వాలు అచ్చులు పడ్డాయి. వాటిని రుద్దుకుంటూ చాలాసేపు కూర్చుంది.

"ఒగ్గీయ్ పిన్నీ" అన్నాను. "ఎటెళ్తే అటు ఎల్లనీ."

"అలాగ సేస్తే అది మదర్ డేన్సు కాదు."

"కాకపోతే ఏటైపోద్ది? మదర్ ఆ వీధిలో నేదు కదా."

ఏదో నోటికొచ్చింది అనేశాను. ఆమె నావైపు ఒకలా చూసింది. కోపమో ఏమో అనుకున్నాను. లేచి వెళ్లి పొయ్యి వెలిగించి టీ పెట్టింది.

మర్నాటి నుంచి ఆ గదిలో జరిగింది నేను ఎవరికి చెప్పినా సరిగ్గా చెప్పలేను. పిన్ని చేతులను వదిలేసింది. అంటే, ఒక్కసారిగా కాదు. వెతికింది. ఒక వరుస ఆడుతుంది, చెయ్యి ఎక్కడికి పోతోందో చూస్తుంది, ఆగుతుంది, మళ్లీ అదే వరుస ఆడి ఆ చెయ్యిని అక్కడికే నెమ్మదిగా పంపిస్తుంది. అది సరిపోకపోతే తల అడ్డంగా ఊపి మొదటికి వస్తుంది. పాదాలను మాత్రం ఒక్క అడుగు కూడా మార్చలేదు. పాదాలు మదర్‌వి, కచ్చితంగా, కుడి అయ్యాక ఎడమ. వాటి మీద ఈ కొత్త చేతులు. నెత్తిమీద గొడుగులా మూసుకునే చేతులు. పక్కవాళ్లను తోసుకునే మోచేతులు. ఇక ఒక చోట, దేహం ఇంకా నిటారుగానే ఉండగా, కుడిచెయ్యి కిందికి, ముందుకు, ఎవరినో అందుకోవడానికి చాచుకునేది. పాదాలు మాత్రం ఆగకుండా తడుతూనే ఉండేవి. ఆ చెయ్యి అలా చాచి ఉండగానే వేళ్లు ఒక్కొక్కటీ విడిపోయేవి.

అది మొదటిసారి చూసినప్పుడు నేను మంచం మీద నుంచి లేచి నిలబడిపోయాను.

రెండోరోజో మూడోరోజో తలుపు తట్టారు. కింది ఇంట్లో ఉండే పెద్దాయన. రిటైరైన బర్మా బడిపంతులు, మేమంతా ఊలే అని పిలిచేవాళ్లం, అంటే మామయ్య అన్నట్టు. అరచెయ్యి చాచి చూపించాడు. అందులో సున్నం పెచ్చులు.

"మా అన్నం గిన్నెలో పడ్డాయమ్మా. పైన ఏం చేస్తున్నారు? నెమళ్లను పెంచుతున్నారా?"

పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. బర్మీస్‌లో వందసార్లు క్షమాపణ చెప్పింది. ఆయన లోపలికి తొంగిచూసి, నేల మీద పాదాల చెమట మరకలు చూశాడు. "డాన్సా?" అన్నాడు. పిన్ని తల ఊపింది. ఆయన మెట్ల వైపు చూపించి, "మా నెత్తిమీద ఎందుకు, మెట్ల మలుపులో ఆడుకో. అక్కడి టేకు మందం. కింద దూలం ఉంది. ఏనుగు ఎగిరినా ఏమీ కాదు" అన్నాడు. పెచ్చులు జేబులో వేసుకుని దిగిపోయాడు.

మా మేడ మెట్లు చెక్కవి, వెడల్పుగా ఉండేవి. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్లు తిరిగే చోట నాలుగు మంచాలు పట్టేంత జాగా, వెనక పెద్ద కిటికీ. పిన్ని అక్కడ ఆడటానికి మొదట ఒప్పుకోలేదు. కానీ ఆడకుండా ఒక రోజు ఉంది, రెండో రోజు ఉండలేకపోయింది. ఈసారి ఉత్త కాళ్లతో కాదు. వానాకాలం బురదలో తొడిగే పాత కొయ్య చెప్పులు తీసింది. ఊడిపోకుండా గుడ్డపేలికలతో చీలమండలకు కట్టుకుంది. మెట్ల మలుపులో నిలబడి, ఒక కాలు తట్టి చూసింది.

ఆ ఒక్క తట్టు మేడంతా వినిపించింది. మెట్ల గూడు మొత్తం డప్పులా పలికింది. పిన్ని బెదిరిపోయి నావైపు చూసింది. నేను పై మెట్టు మీద కూర్చున్నాను. "ఆడు" అన్నాను.

అప్పటికి సైన్యం అధికారం చేతిలోకి తీసుకుంది. ఆగస్టు కేకలన్నీ ఒక్కసారిగా ఆగిపోయి వీధులు నోరు మూసుకున్నాయి. పొద్దు వాలితే కర్ఫ్యూ. పగలు కూడా నలుగురికి మించి ఒకచోట చేరకూడదని మైకు బండి తిరిగి చెప్పింది. టీ దుకాణం పొట్టి స్టూళ్లు బోర్లించి ఉన్నాయి. చర్చి లేదు, బజారు సగమే. ఎవరింట్లో వాళ్లం, పక్కింటి దగ్గు వింటూ బతుకుతున్నాం. ఎవరిని ఎప్పుడు తీసుకుపోతారో తెలియక మేడలోవాళ్లం మెట్ల మీద ఎదురుపడ్డా కళ్లు దించుకుని దాటిపోయేవాళ్లం.

అలాంటి మేడలో ఒక మధ్యాహ్నం కొయ్య చెప్పుల మోత మొదలైంది.

మొదటి రోజు ఎవరూ తలుపు తీయలేదు. రెండో రోజు ఎదురింటి ముస్లిం దర్జీగారి భార్య గొళ్లెం తీసి సందులోంచి చూసింది. పై అంతస్తు చైనా ముసలమ్మ తన మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుంది. ఊలే తన గుమ్మంలో భార్యతోపాటు నిలబడ్డాడు. ఎవరూ గడప దాటలేదు. దాటితే గుంపు అవుతుంది. ఎవరి గుమ్మంలో వాళ్లు, పైకి కొందరు, కిందికి కొందరు మెడలు చాచి, మధ్యలో ఉన్న ఒక్క మనిషిని చూశారు.

ఒకరోజు ఆట సగంలో ఉండగా కింద వీధి తలుపు తెరుచుకుంది. మా పేటకు పెద్దగా ఉండే మనిషి పైకి వచ్చాడు. ఆయన వెనక తుపాకీతో ఒక సిపాయి. పిన్ని ఆగిపోయింది. మేడంతా ఊపిరి బిగబట్టింది.

"ఏమిటీ చప్పుడు? వీధిలోకి వినపడుతోంది. ఎంతమంది ఉన్నారిక్కడ?"

అప్పుడు ఊలే తన గుమ్మంలోంచే, బడిలో పిల్లలకు చెప్పినట్టు నిదానంగా అన్నాడు. "మేమందరం మా ఇళ్లల్లో ఉన్నాం. అక్కడ ఉన్నది ఒక్కతే."

పేట పెద్ద పైకీ కిందికీ చూశాడు. నిజమే. గడప ఇవతల ఉన్నది పిన్ని ఒక్కతే. నేను అప్పటికే చప్పున ఒక మెట్టు పైకి జరిగి మా గుమ్మంలోకి పోయాను.

"నువ్వేం చేస్తున్నావమ్మా?"

పిన్ని చేతులు ఒంటికి అంటుకుపోయాయి. "వ్యాయామం" అంది.

ఆయన ఆమె కాళ్లకు కట్టిన గుడ్డపేలికలు చూశాడు. "ఏదీ?" అన్నాడు.

ఆమె చూపించక తప్పలేదు. భయంతో మొదలుపెట్టింది. రాగం కూడా గొంతులో సరిగా రాలేదు. కానీ కొయ్య చెప్పులు టేకు మీద పడగానే ఏదో మారింది. మొదటి వరుస కుడికాలు, తర్వాత ఎడమకాలు. రెండో వరుసలో చేతులు నెత్తి మీదికి వెళ్లాయి. పాదాల వేగం పెరిగింది, దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేకుండా పోయింది. ఆ మోత మెట్ల గూడులో పైకి ఎగిరి కిందికి తిరిగి వస్తుంటే, ఒక మనిషి ఆడుతోందో వందమంది పరుగెత్తుతున్నారో తెలియలేదు. నేను మా గుమ్మం పట్టుకున్నాను. అరచేతి కింద చెక్క వణుకుతోంది. ఆమె దేహం బిగించిన తాడులా నిటారుగా ఉంది, ఒక్క అంగుళం ఊగలేదు. ఆ దేహంలోంచి చెయ్యి కిందికి, ముందుకు చాచుకుంది. పాదాలు ఆగలేదు. వేళ్లు ఒక్కొక్కటీ విడిపోయాయి. అప్పుడు పాదాలు ఆగాయి.

ఆ నిశ్శబ్దంలో కింద గుమ్మంలో ఊలే భార్య, "అమేలే" అంది. అమ్మ బాబోయ్ అన్నట్టు బర్మావాళ్లు అనే మాట. గుసగుసగా, ఏడుస్తున్నట్టు.

సిపాయి గోడ వైపు చూస్తున్నాడు. పేట పెద్ద గొంతు సవరించుకున్నాడు. ఆయనకేం అర్థమైందో నాకు తెలియదు. ఆయన కూడా ఆ ఆగస్టులో ఆ ఊళ్లోనే ఉన్నాడు కదా. "వ్యాయామమే" అన్నాడు చివరికి. "వీధి వైపు కిటికీ మూసుకుని చేసుకో." ఇద్దరూ దిగిపోయారు.

వాళ్ల అడుగుల చప్పుడు పోయాక పిన్ని అక్కడే మెట్టు మీద కూలబడింది. దర్జీగారి భార్య గడప దాటి వచ్చి గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లు తాగుతూ పిన్ని నవ్వింది. ఆమె పళ్లన్నీ కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

నవంబరులో పడవలు తిరగడం మొదలైంది. నేను ట్వంటే వెళ్లిపోయాను. యూనివర్సిటీ ఏళ్ల తరబడి తెరుచుకోలేదు. పిన్ని ఆఫీసు తెరిచారు, ఊరేగింపులో నడిచినవాళ్లను పిలిచి అడిగారు. ఆమె నడిచానని చెప్పింది. ఉద్యోగం పోయింది. టైపు మిషను ఒకటి సంపాదించి ఇంట్లోనే ఆడపిల్లలకు టైపింగు నేర్పుకుని బతికింది. నేను వీలైనప్పుడల్లా పడవెక్కి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం పూట, కిటికీ మూసి, మెట్ల మలుపులో ఆమె ఆడుతూనే ఉండేది. నాకు నేర్పమని అడిగాను. పాదాలు నేర్పింది. నావి రాలేదు, బరువు కాళ్లు. చేతులు నేర్పమంటే, "అవి నేర్పీవి కాదు" అంది.

తర్వాత ఒక ఏడు వెళ్లేసరికి ఆడటం మానేసింది. ఎందుకని అడిగితే బియ్యంలో రాళ్లు ఏరుతూ, "అయిపోనాది" అంది.

"అయిపోవడమేటి పిన్నీ? కాలు నొప్పా?"

"నొప్పేటీ నేదు. మొన్నొక రోజు నిలబడినాను. సేతులు నెగనేదు. ఊరకే ఉన్నాయి. అంతే, ఇంక ఒగ్గీసినాను."

ఇరవై ఏళ్లు గడియ వేసుకుని కాపాడుకున్నదాన్ని, మేడంతా ఊపిరి బిగబట్టి చూసినదాన్ని, ఒక మనిషి అలా పక్కన పెట్టేయగలదని నేను అనుకోలేదు. నాకే పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఆమెకు అనిపించలేదు. మనిషి నడక కూడా మారింది. వీధిలో చేతులు ఊపుకుంటూ నడిచేది, అందరిలాగే.

నా పెళ్లయ్యాక ఊరి చివర మింగళాడోన్ వైపు కాపురం పెట్టాను. ఎన్నో ఏళ్లు గడిచాయి. దేశం కాస్త తెరుచుకుని అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చిన రోజుల్లో, అరవై దాటిన పిన్ని మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. నేను చెప్పిన కథ విని మా అమ్మాయి ఫోనులో వెతికి ఐరిష్ డాన్సు పట్టుకుంది. పెద్ద స్టేజీ మీద బారుగా పాతిక మంది, నల్లబూట్లు, చేతులన్నీ కిందికి, ఒక్క మోత. ఫోను పిన్ని చేతిలో పెట్టింది.

"చిన్నమ్మమ్మా, నువ్వు ఇలా ఆడేదానివంట కదా?"

పిన్ని కళ్లద్దాలు సర్దుకుని, ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. నేను ఆమె మొహం చూశాను. తర్వాత కుర్చీ కింద పాదాలు చూశాను. కదలడం లేదు. బుద్ధిగా పక్కపక్కన ఉన్నాయి.

"ఇలాగ కాదమ్మా" అంది. "నాది ఏరు. ఈళ్లవి సుబ్బరమైన కాళ్లు."

వీడియో అయిపోయింది. ఫోను తిరిగి ఇవ్వలేదు.

"ఇంకోపాలి ఎట్టు" అంది మా అమ్మాయితో. "ఆ మూడో పిల్ల ఎడమకాలు సూడాల."

అమ్మాయి మళ్లీ పెట్టింది. ముగ్గురం తలలు దగ్గరగా పెట్టుకుని ఆ మూడో పిల్ల ఎడమకాలు చూశాం.